యంత్రాన్నే పేరు అడుగుదాం

(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



కంప్యూటర్ల గురించి మాట్లాడమని కార్యదర్శి గారు ఆదేశించినప్పుడు, ఏ అంశం తీసుకోమంటారని అడిగాను. "గొప్ప గొప్ప సంగతులు వద్దు, మన ఇళ్ళలో రేపటి నుంచే పనికొచ్చేది ఏదైనా చెప్పండి" అన్నారు. ఆ మాట నాకు నచ్చింది. అందుచేత చాలా చిన్న విషయం ఒకటి తీసుకున్నాను. మనం కొని తెచ్చుకున్న పాత లాప్‌టాప్‌లో ఏయే భాగాలున్నాయో ఆ లాప్‌టాప్‌నే అడిగి తెలుసుకోవడం ఎట్లా? తెలుసుకున్నాక ఆ భాగానికి కావలసిన డ్రైవరును ఎక్కడి నుంచి తెచ్చుకోవాలి? ఇంతే నా ప్రసంగం. విషయం చిన్నదే గాని, దీని మీద ఒక విద్యార్థి చదువూ, ఒక ఇంటి నెల ఖర్చూ ఆధారపడి ఉండడం నేను చూస్తున్నాను.

మొదట ఈ పాత లాప్‌టాప్‌లు మన ఇళ్ళకు ఎక్కడి నుంచి వస్తున్నాయో చూద్దాం. 1998 నవంబరు 22న మాదాపూర్‌లో సైబర్ టవర్స్ భవనాన్ని అప్పటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజ్‌పేయి గారు ప్రారంభించారు. హైటెక్ సిటీ అనే పేరు అక్కడి నుంచే మన నోట్లో నానింది. ఈనాడు మాదాపూర్ నుంచి రాయదుర్గం, గచ్చిబౌలి, నానక్‌రాంగూడ దాకా అద్దాల మేడలే. ఆ మేడలలో పనిచేసే ప్రతి ఉద్యోగికీ ఒక లాప్‌టాప్ ఉంటుంది. కంపెనీలు వాటిని కొన్నేళ్ళకొకసారి మార్చేస్తాయి. పాతవి లాట్ల లెక్కన బయటికి వస్తాయి. 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన ఈ-వ్యర్థాల నిబంధనల ప్రకారం, పెద్ద సంస్థలు తమ పాత సామాను రిజిస్టరైన వాళ్ళకే అప్పగించాలి. వాళ్ళలో బాగుచేసి తిరిగి అమ్మేవాళ్ళు కూడా ఉన్నారు. అట్లా బాగుపడిన యంత్రాలు చేతులు మారి మారి మన బస్తీలకు చేరుతున్నాయి. కొత్తదాని ధరలో మూడో వంతుకో నాలుగో వంతుకో దొరికితే, ఇంజనీరింగు చదివే పిల్లకు తండ్రి అదే కొనిపెడతాడు. అందులో తప్పేమీ లేదు. ఆఫీసుల కోసం తయారైన లాప్‌టాప్‌లు గట్టివి. సరిగ్గా చూసుకుంటే చాలా ఏళ్ళు నడుస్తాయి.

అయితే ఈ మధ్య ఒక చిక్కు వచ్చి పడింది. 2025 అక్టోబరు 14తో మైక్రోసాఫ్టు వారు విండోస్ 10కు మామూలు సహాయం ముగించారు. విండోస్ 11 పెట్టుకుందామంటే, ఇంటెల్ ప్రాసెసర్లలో సుమారుగా 8వ తరం నుంచి పైవాటికే వారి ఆమోదం. దానికి తోడు టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు కూడా ఉండాలి. 6వ, 7వ తరం యంత్రాలు నిక్షేపంగా పనిచేస్తున్నా వారి జాబితాలో లేవు. కాబట్టి అటువంటివి పెద్ద ఎత్తున బజారుకు వస్తున్నాయి. కొన్నవాళ్ళు వాటిని ఫార్మాట్ చేసి, ఉన్న విండోస్ తీసి మరొకటి వేయడమో, లినక్స్ పెట్టడమో చేస్తున్నారు. ఫార్మాట్ అయిన మర్నాడు చూస్తే వైఫై ఉండదు, శబ్దం రాదు, టచ్‌ప్యాడ్ మీద రెండు వేళ్ళు కదలవు. అసలు బాధ ఇక్కడ మొదలవుతుంది.

పిల్లవాడు లాప్‌టాప్ చంకలో పెట్టుకుని ఏదో ఒక దుకాణానికి పోతాడు. అందరినీ అనడం లేదు, నిజాయితీగా పనిచేసే మెకానిక్కులు మనలోనే చాలామంది ఉన్నారు. కానీ పేరు చెప్పడం నాకిష్టం లేని ఒక దుకాణంలో, డిగ్రీ రెండో సంవత్సరం చదివే ఒక అమ్మాయికి ఇట్లా జవాబు వచ్చింది. "వైఫై కార్డు కాలిపోయింది అమ్మా, బోర్డు కూడా చూడాలి, నాలుగు వేలు అవుతుంది." ఆ అమ్మాయి తండ్రి ఆటో నడుపుతారు. "భాయ్, ఆన్‌లైన్ పరీక్ష శుక్రవారం ఉంది, ఏదో ఒకటి చూడండి" అని ఆయన బతిమాలుకున్నారు. తరువాత తెలిసినవాళ్ళ ఇంట్లో ఆ లాప్‌టాప్ తెరిచి ఒక్క ఆజ్ఞ టైపు చేస్తే తేలిందేమంటే, కార్డు భేషుగ్గా ఉంది, దాని డ్రైవరు మాత్రమే లేదు. అరగంటలో పని అయిపోయింది, పైసా ఖర్చు లేదు. ఆ ఒక్క ఆజ్ఞ ఏమిటో, అది ఏం చెబుతుందో మన ఇళ్ళలో ప్రతి ఒక్కరికీ తెలియాలని నా కోరిక.

డ్రైవరు అంటే ఏమిటి? బండి నడిపే డ్రైవరు కాదు. ఉర్దూ మాట్లాడే పెద్దమనిషికీ తెలుగు మాట్లాడే రైతుకూ మధ్య నిలబడి, ఇటు మాట అటు, అటు మాట ఇటు చెప్పే మనిషిని మన పూర్వులు దుబాసీ అన్నారు. డ్రైవరు అటువంటి దుబాసీ. విండోస్‌గాని లినక్స్‌గాని ఒక భాషలో అడుగుతుంది. వైఫై చిప్పుకు తెలిసిన భాష మరొకటి. మధ్యలో దుబాసీ లేకపోతే చిప్పు ఎంత బాగున్నా మూగదే. ఇంకొక సంగతి, ఏ చిప్పు దుబాసీ ఆ చిప్పుకే. ఇంటెల్ వైఫైకి రాసిన డ్రైవరు రియల్‌టెక్ వైఫైకి పనికిరాదు. అందువల్ల డ్రైవరు వెతికే ముందు చిప్పు పేరు తెలియాలి. పేరు తెలియకుండా వెతకడం అంటే గుడ్డెద్దు చేలో పడ్డట్టే.

మరి పేరు ఎవరు చెబుతారు? లాప్‌టాప్ పైన కంపెనీ పేరు ఉంటుంది, కానీ అది లోపలి చిప్పు పేరు కాదు. ఒకే మోడలులో కొన్నింటికి ఇంటెల్ వైఫై, కొన్నింటికి రియల్‌టెక్ వైఫై బిగిస్తారు. మర ఊడదీసి చూద్దామంటే అందరికీ చేతకాదు. అదృష్టవశాత్తూ ఆ అవసరం లేదు. ఆ చిప్పే తన పేరు చెబుతుంది.

ఇది మొదటి నుంచీ ఉన్న సౌకర్యం కాదు. తొలి రోజుల పీసీలలో కార్డు తగిలించినవాడే దాని చిరునామా, ఇంటరప్ట్ నంబరు చిన్న చిన్న జంపర్లతో కుదర్చాలి. కార్డుతో వచ్చిన కాగితం పోతే సంగతులు గోవిందా. 1992లో పీసీఐ అనే పద్ధతి వచ్చాక ఈ తిప్పలు తగ్గాయి. ఆ పద్ధతిలో ప్రతి భాగమూ తన లోపల రెండు అంకెలు రాసిపెట్టుకుని ఉండాలి. మొదటిది తయారీదారు సంఖ్య, రెండవది ఆ భాగం సంఖ్య. మన లెక్కలో చెప్పాలంటే మొదటిది ఇంటిపేరు, రెండవది అసలు పేరు. ఒక్కొక్కటి నాలుగు స్థానాలు. ఆ స్థానాలలో 0 నుంచి 9 వరకు అంకెలు, ఏ నుంచి ఎఫ్ వరకు ఇంగ్లీషు అక్షరాలు వస్తాయి. యంత్రం మొదలు కాగానే ప్రతి చోటికీ పోయి "నీవెవరు?" అని అడుగుతుంది. భాగం ఉంటే తన సంఖ్యలు చెబుతుంది. ఏమీ లేని చోటి నుంచి నాలుగు ఎఫ్‌లు తిరిగి వస్తాయి.

ఇంటిపేర్లను పంచేది పీసీఐ కంపెనీల ఉమ్మడి సంఘం, కాబట్టి ఒకరి సంఖ్య ఇంకొకరికి ఉండదు. ఇంటెల్ వారిది 8086. 1978లో వారు తెచ్చిన 8086 ప్రాసెసరు పేరే వారి ఇంటిపేరుగా నిలిచింది. రియల్‌టెక్ వారిది 10ఈసి. బ్రాడ్‌కామ్ వారిది 14ఈ4. ఎన్విడియా వారిది 10డిఈ. ఏథరోస్ వైఫై కార్డులది 168సి. ఈ అయిదూ ఒక చీటీ మీద రాసి పెట్టుకుంటే మన చేతికి వచ్చే లాప్‌టాప్‌లలో చాలా భాగం గుర్తుపట్టవచ్చు. యూఎస్‌బీ పరికరాలకు కూడా ఇదే పద్ధతి, కాకపోతే వాటి ఇంటిపేర్లు వేరే జాబితాలో ఉంటాయి. కానన్ ప్రింటర్లకు 04ఏ9, ఎప్సన్ ప్రింటర్లకు 04బి8. పాత ప్రింటరు కొన్నవాళ్ళకు ఈ రెండూ పనికొస్తాయి.

ఇక పనిలోకి దిగుదాం. ఆజ్ఞలను నేను మన లిపిలో చెబుతున్నాను. టైపు చేసేది మాత్రం ఇంగ్లీషు చిన్న అక్షరాలలో. సందేహం వచ్చే చోట అక్షరాలు విడదీసి చెబుతాను.

మొదట విండోస్. విండోస్ గుర్తున్న మీట నొక్కి సి, ఎమ్, డి అని టైపు చేయండి. కమాండ్ ప్రాంప్ట్ కనబడుతుంది. దాని మీద కుడి నొక్కు నొక్కి అడ్మినిస్ట్రేటరుగా తెరవండి. నల్లని తెర చూసి భయపడనక్కరలేదు. ఇప్పుడు చెప్పబోయే ఆజ్ఞ ఉన్నది చదివి చూపిస్తుంది, దేన్నీ మార్చదు.

ఆ ఆజ్ఞ ఇది. పిఎన్‌పియుటిల్, అంటే పి, ఎన్, పి, యు, టి, ఐ, ఎల్. తరువాత ఒక ఖాళీ వదిలి, ఏటవాలు గీత, ఎనమ్ అంటే ఇ, ఎన్, యు, ఎమ్, అడ్డగీత, డివైసెస్. మళ్ళీ ఖాళీ, ఏటవాలు గీత, ప్రాబ్లెమ్. 2020 మే నాటి విండోస్ 10 నుంచి ఇది పనిచేస్తుంది. దీని అర్థం, "ఇబ్బందిలో ఉన్న భాగాలను మాత్రమే చూపించు" అని. ప్రాబ్లెమ్ కోడ్ 28 అని వస్తే డ్రైవరు లేదని అర్థం. చూశారా, "కాలిపోయింది" అని ఎక్కడా లేదు. పైవరుసలో వి, ఇ, ఎన్ అన్న అక్షరాల పక్కన ఇంటిపేరు, డి, ఇ, వి అన్న అక్షరాల పక్కన అసలు పేరు ఉంటాయి.

ఉదాహరణకు 6వ, 7వ తరం ఇంటెల్ లాప్‌టాప్‌లు చాలావాటిలో ఫార్మాట్ చేశాక "పీసీఐ సింపుల్ కమ్యూనికేషన్స్ కంట్రోలర్" అని పసుపు గుర్తుతో ఒకటి కనబడుతుంది. పేరు చూసి ఇదే నెట్ రాకపోవడానికి కారణమని పిల్లలు దాని చుట్టూ తిరుగుతారు. సంఖ్య చూస్తే 8086, ఆ పక్కన 9డి3ఏ అని ఉంటుంది. అది ఇంటెల్ వారి మేనేజ్‌మెంట్ ఇంజన్ తాలూకు భాగం, వైఫైకి దానికి సంబంధం లేదు. అదే విధంగా "ఎస్ఎమ్ బస్ కంట్రోలర్" అని ఉంటే చిప్‌సెట్ డ్రైవరు వేస్తే సరిపోతుంది. కొన్ని డెల్ లాప్‌టాప్‌లలో ఎస్ఎమ్ఓ8810 అనే పేరుతో తెలియని పరికరం ఒకటి మిగిలిపోతుంది. అది లాప్‌టాప్ చెయ్యి జారి కిందపడుతుంటే పసిగట్టి హార్డ్ డిస్కును కాపాడే చిప్పు. మీరు హార్డ్ డిస్కు తీసి ఎస్ఎస్‌డీ పెట్టుకుని ఉంటే దాని కోసం ఆరాటపడవలసిన పనే లేదు. పేరు తెలిస్తే ఏది ముఖ్యమో, ఏది కాదో కూడా తెలుస్తుంది.

ఫార్మాట్ చేయకముందే ఉపయోగపడే ఆజ్ఞ ఇంకొకటి ఉంది. పిఎన్‌పియుటిల్ తరువాత ఏటవాలు గీత, ఎక్స్‌పోర్ట్, అడ్డగీత, డ్రైవర్, ఆ పైన నక్షత్రం గుర్తు, చివర పెన్‌డ్రైవులో మీరు ముందుగా చేసిపెట్టుకున్న ఫోల్డరు పేరు. విండోస్‌తో పాటు వచ్చినవి కాక, వేరే కంపెనీల డ్రైవర్లు ఎన్ని ఉన్నాయో అన్నీ ఆ ఫోల్డరులోకి వచ్చేస్తాయి. పనిచేస్తున్న యంత్రాన్ని ఫార్మాట్ చేసేవాళ్ళు ముందు ఈ అయిదు నిమిషాల పని చేసుకుంటే, తరువాత అయిదు రోజుల తిరుగుడు తప్పుతుంది.

మరి వైఫై లేనప్పుడు డ్రైవరు దింపుకోవడం ఎట్లా అని అడుగుతారు. మీ చేతిలో ఉన్న ఫోనే దారి. ఆండ్రాయిడ్ ఫోనును ఛార్జింగు తీగతో లాప్‌టాప్‌కు కలిపి, ఫోను సెట్టింగులలో యూఎస్‌బీ టెథరింగ్ అన్నది తెరవండి. తీగ డేటా తీగ అయి ఉండాలి, ఉత్త ఛార్జింగు తీగ అయితే పనిచేయదు. చాలావరకు ఏ డ్రైవరూ అవసరం లేకుండానే నెట్ వస్తుంది. అప్పుడు ముందు విండోస్ అప్‌డేట్‌ను పనిచేయనివ్వండి. చాలా సమస్యలు అక్కడే తీరతాయి. తీరనివాటికే సంఖ్యలు వెతకాలి.

ఇప్పుడు లినక్స్ సంగతి. విండోస్ 11 ఎక్కని యంత్రాలకు ఇది మంచి ఆశ్రయం. ఉచితం, చట్టబద్ధం, పాత యంత్రాల మీద తేలిగ్గా నడుస్తుంది. మన హైదరాబాదులోనే "స్వేచ్ఛ" అనే సంస్థ చాలాకాలంగా స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు ప్రచారం చేస్తోంది, తెలుగులో కనబడే లినక్స్‌ను కూడా తయారు చేసింది. లినక్స్‌లో ఉన్న మేలు ఏమంటే, డ్రైవర్లలో చాలా భాగం కెర్నెల్‌లోనే కలిసి వస్తాయి, విడిగా వెతకనక్కరలేదు.

టెర్మినల్ తెరిచి ఎల్ఎస్‌పిసిఐ అని, అంటే ఎల్, ఎస్, పి, సి, ఐ అని టైపు చేసి, ఖాళీ వదిలి, అడ్డగీత, ఎన్, ఎన్, కె అని కలపండి. ఎన్ రెండుసార్లు రాస్తే పేరూ సంఖ్యా రెండూ చూపుతుంది. కె అంటే ఆ భాగాన్ని ఇప్పుడు ఏ డ్రైవరు నడుపుతోందో చూపుతుంది. ఈ ఆజ్ఞను రాసింది చెక్ దేశస్థుడు మార్టిన్ మారెష్. సంఖ్య చెబితే పేరు చెప్పే పెద్ద జాబితా కూడా ఆయన మొదలుపెట్టిందే. ప్రపంచంలో ఎక్కడెక్కడి వాళ్ళో తమ యంత్రాలలో కనబడిన కొత్త సంఖ్యలను పంపుతూ ఉంటే ఆ జాబితా పెరుగుతూ వస్తోంది. యూఎస్‌బీ పరికరాలకు ఎల్ఎస్‌యుఎస్‌బి అని టైపు చేయాలి.

నేను ఇందాక చెప్పిన అమ్మాయి లాప్‌టాప్‌లో పెన్‌డ్రైవు నుంచి లినక్స్ నడిపి ఈ ఆజ్ఞ వేసినప్పుడు, నెట్‌వర్క్ కంట్రోలర్ అన్న వరుసలో 10ఈసి, సి821 అని వచ్చింది. 10ఈసి అంటే రియల్‌టెక్ అని చీటీ చూస్తే తెలిసింది. సి821 అంటే 8821సిఈ అనే వైఫై చిప్పు. చిప్పు తన పేరు తాను చెప్పిందంటే అది పలుకుతోందన్న మాట. పూర్తిగా కాలిపోయిన కార్డు పేరు చెప్పదు, ఆ వరుసే కనబడదు. ఈ ఒక్క తేడా తెలిస్తే నాలుగు వేల మాటకు మనం అక్కడికక్కడే జవాబు చెప్పగలం. ఇదే చిప్పుకు పాత లినక్స్ కెర్నెల్‌లలో డ్రైవరు ఉండేది కాదు. 2020 తర్వాతి కెర్నెల్‌లలో చేరింది. కాబట్టి పాత సీడీతో లినక్స్ వేసి వైఫై రాలేదని నిరాశపడకుండా, కొత్త కూర్పు వేసి చూడాలి.

ఒక్కొక్కసారి డ్రైవరు ఉంటుంది, అయినా వైఫై లేవదు. అప్పుడు డి, ఎమ్, ఇ, ఎస్, జి అన్న ఆజ్ఞ వేస్తే యంత్రం మొదలైనప్పటి రోజువారీ చిట్టా కనబడుతుంది; ముందు సుడో అని చేర్చవలసి రావచ్చు. అందులో ఫర్మ్‌వేర్ దొరకలేదని ఉంటే, చిప్పులోకి ఎక్కించవలసిన ఫైలు లేదని అర్థం. డెబియన్ లినక్స్ వారు 2023లో తెచ్చిన 12వ కూర్పు నుంచి అటువంటి ఫైళ్ళను కూడా ఇన్‌స్టాలేషన్ ప్రతిలోనే కలిపి ఇస్తున్నారు. ఈ బాధ ఇదివరకటి కంటే తగ్గింది.

లినక్స్ పెన్‌డ్రైవు వల్ల ఇంకొక లాభం ఉంది. విండోస్ అసలు తెరుచుకోని యంత్రాన్ని కూడా దానితో మొదలుపెట్టి, లోపలి డిస్కును ముట్టుకోకుండా పరీక్షించవచ్చు. కొనబోయే ముందు అమ్మేవాడి ఎదుటే ఈ పరీక్ష చేయించండి. ఒప్పుకోనివాడి దగ్గర కొనకండి.

కొనేటప్పుడు చూడవలసినవి రెండు చెబుతాను. మొదటిది ప్రాసెసరు. "ఐ5 లాప్‌టాప్ భాయ్, తీసుకోండి" అంటారు. ఉత్త ఐ5 అంటే చెట్టు పేరు చెప్పి కాయలు అమ్మినట్టు. ఐ5లు పదేళ్ళ కిందటివీ ఉన్నాయి, నిన్నటివీ ఉన్నాయి. లినక్స్‌లో ఎల్, ఎస్, సి, పి, యు అని టైపు చేయండి. విండోస్‌లో అయితే సెట్టింగులలో అబౌట్ అన్న పుటలో ఉంటుంది. ఐ5 తరువాత అడ్డగీత, ఆ తరువాత 7300యు అని ఉంటే 7వ తరం, 8250యు అని ఉంటే 8వ తరం, 10210యు అని ఉంటే 10వ తరం. విండోస్ 11 కావాలనుకునేవాళ్ళకు 7300కూ 8250కూ ఉన్న తేడా చాలా పెద్దది. ఆ అంకె చూడకుండా డబ్బు లెక్కపెట్టకండి.

రెండవది సీరియల్ నంబరు. లినక్స్‌లో సుడో అని టైపు చేసి, ఖాళీ వదిలి డిఎమ్ఐడికోడ్, అంటే డి, ఎమ్, ఐ, డి, ఇ, సి, ఓ, డి, ఇ అని టైపు చేసి, అడ్డగీత టి, సిస్టమ్ అని కలిపితే కంపెనీ పేరు, మోడలు, సీరియల్ నంబరు వస్తాయి. విండోస్‌కు పాత పుస్తకాలలో డబ్ల్యుఎమ్ఐసి అనే ఆజ్ఞ ఇచ్చేవారు. విండోస్ 11 కొత్త కూర్పులలో దాన్ని తీసివేస్తున్నారు. ఇప్పుడు పవర్‌షెల్ తెరిచి గెట్, అడ్డగీత, సిమ్‌ఇన్‌స్టాన్స్ అని, ఖాళీ వదిలి విన్32, కింద గీత, బయోస్ అని టైపు చేయాలి. సిమ్ అంటే సి, ఐ, ఎమ్. ఆ వచ్చిన నంబరూ, లాప్‌టాప్ అడుగున అంటించిన చీటీ మీది నంబరూ ఒకటేనా చూడండి. వేరుగా ఉంటే బోర్డు మార్చి ఉండవచ్చు, అడుగు రేకు మార్చి ఉండవచ్చు, దొంగ సొత్తు కూడా అయి ఉండవచ్చు. అడగండి. సరైన బిల్లు, సరైన జవాబు లేకపోతే వదిలేసి రండి. తక్కువ ధరకు ఆశపడి పిల్లవాణ్ణి పోలీసు స్టేషను చుట్టూ తిప్పే పరిస్థితి ఏ తల్లిదండ్రులకూ రాకూడదు.

ఇక చివరి మాట, డ్రైవరు ఎక్కడి నుంచి తెచ్చుకోవాలి? మొదట లాప్‌టాప్ తయారుచేసిన కంపెనీ సొంత వెబ్‌సైటు. డెల్ వారి యంత్రమైతే సర్వీస్ ట్యాగ్ అనే ఏడు అక్షరాలు, హెచ్‌పీ, లెనోవో వారివైతే సీరియల్ నంబరు అక్కడ ఇవ్వండి. మీ యంత్రానికి కావలసిన డ్రైవర్లన్నీ వరుసగా వస్తాయి. రెండవది విండోస్ అప్‌డేట్. మూడవది చిప్పు తయారుచేసిన కంపెనీ వెబ్‌సైటు. ఈ మూడు తప్ప నాలుగో చోటికి పోకండి.

ఎందుకింత గట్టిగా చెబుతున్నానంటే, డ్రైవరు మామూలు ప్రోగ్రాము వంటిది కాదు. అది యంత్రం నడిగర్భంలో కూర్చుంటుంది. దానికి తెలియని రహస్యం ఉండదు, అడ్డూ ఉండదు. "అన్ని డ్రైవర్లూ ఒకే దెబ్బలో" అని ఊరించే పొట్లాలలో ఏమి కలిపి ఇస్తున్నారో మనకు తెలియదు. ఇంటి దుబాసీయే దొంగతో చేతులు కలిపితే ఏ రహస్యం దక్కుతుంది? తండ్రి బ్యాంకు పాస్‌వర్డు, తల్లి ఆధార్ కాగితం, పిల్లల ఫొటోలు అన్నీ ఆ యంత్రంలోనే ఉంటాయి. 2010లో బయటపడిన స్టక్స్‌నెట్ అనే వైరస్, రియల్‌టెక్ కంపెనీ నుంచి దొంగిలించిన డిజిటల్ సంతకంతో డ్రైవరు వేషం వేసుకుని వచ్చింది. దొంగతనం లేకపోయినా పొరపాటు ఎంత పని చేస్తుందో 2024 జులై 19న లోకమంతా చూసింది. క్రౌడ్‌స్ట్రైక్ అనే కంపెనీ భద్రతా డ్రైవరు చదివే ఒక్క ఫైలులో తప్పు దొర్లితే, మైక్రోసాఫ్టు అంచనా ప్రకారం 85 లక్షల విండోస్ యంత్రాలు నీలి తెరతో నిలిచిపోయాయి. ఆ రోజు మన శంషాబాదు విమానాశ్రయంలో ప్రయాణికులకు చేత్తో రాసిన బోర్డింగ్ పాసులు ఇచ్చారు. అంత పెద్ద సంస్థలకే అట్లా జరిగినప్పుడు, ఊరూ పేరూ లేని పొట్లాన్ని మన ఇంటి యంత్రంలోకి ఎందుకు రానివ్వాలి?

సభవారికి నా విన్నపాలు మూడు. ఒకటి, మన సంఘం కార్యాలయంలో నెలకొక ఆదివారం ఒక బల్ల వేసి, లినక్స్ ఉన్న రెండు పెన్‌డ్రైవులు, ఒక డేటా తీగ ఉంచుదాం. హైటెక్ సిటీలో ఉద్యోగం చేస్తున్న మన పిల్లలు వంతులవారీగా రెండు గంటలు కూర్చుంటే చాలు. కొత్తగా పెద్ద ఖర్చేమీ లేదు. రెండు, దాతలు ఇచ్చే పాత లాప్‌టాప్‌లను విద్యార్థికి ఇచ్చే ముందు ఈ ఆజ్ఞలతో పరీక్షించి, ప్రాసెసరు, వైఫై చిప్పు సంఖ్య, సీరియల్ నంబరు ఒక కాగితం మీద రాసి యంత్రంతో పాటు ఇద్దాం. రేపు ఫార్మాట్ అయినా ఆ కాగితం ఉంటే పిల్లలకు దారి దొరుకుతుంది. మూడు, తల్లిదండ్రులకు ప్రత్యేకంగా. ఈ పని మగపిల్లలకే నేర్పకండి. ఇంట్లో ఆడపిల్లకు నేర్పితే వీధిలో నాలుగిళ్ళ యంత్రాలు బాగుపడతాయి.

మెకానిక్కు దగ్గరికి పోవద్దని నేను చెప్పడం లేదు. నిజంగా కార్డు కాలిపోతే, తెర పగిలిపోతే ఆయన దగ్గరికే పోవాలి, ఆయన కష్టానికి తగిన డబ్బు ఇవ్వాలి. పోయేటప్పుడు మాత్రం "వైఫై రావడం లేదు" అని ఊరుకోకుండా, "ఇందులో ఉన్నది ఫలానా చిప్పు, యంత్రం దాని పేరు చెబుతోంది, డ్రైవరు వేసినా లేవడం లేదు" అని చెప్పగలగాలి. అట్లా చెప్పగలిగినవాళ్ళతో మంచి మెకానిక్కు సంతోషంగా మాట్లాడతాడు. మోసం చేయాలనుకున్నవాడు వెనక్కి తగ్గుతాడు.